మాస్కు కింద మడత

కిందటి వారం కొలతల మేడాన్ని ఒక పుస్తకం ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక్క మాట. ఆమె క్యాన్సర్ ఆసుపత్రిలో ఫిజిసిస్టు. రేడియేషన్ కిరణాలు పడాల్సిన చోట పడుతున్నాయా, పడాల్సినంతే పడుతున్నాయా అని కొలిచి చూడటం ఆమె పని. అందుకే ఆ పేరు. తమ విభాగం బాగుపడాలంటే ముందు తమ పొరపాట్లు తమకు తెలియాలని పెద్ద డాక్టరు గారితో ఏడాదిపాటు పోరి, బట్టలు మార్చుకునే గది పక్కన బల్ల మీద ఒక పుస్తకం పెట్టించింది. ఎవరైనా అందులో రాయొచ్చు. పేరు పెట్టక్కర్లేదు. ఎవరు రాశారని ఎవరూ అడగరు. ఆ మాట అందరి ముందూ ఆమే ఇచ్చింది. రెండు నెలలపాటు పుస్తకం తెల్లగానే ఉంది. డాక్టరు గారు దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా "మనమంతా మహానుభావులం అన్నమాట" అని నవ్వుకుంటూ పోయేవారు. గురువారం పొద్దున్న మాత్రం అందులో నీలం ఇంకుతో మూడు వాక్యాలు కనిపించాయి.

"మాస్కు కింద టవల్ మడిచి పెట్టాం. మెడనొప్పి తగ్గుతుందని. పద్దెనిమిది రోజులు."

ఇందులో అంత భయపడాల్సింది ఏముందని మీకు అనిపించవచ్చు. నొప్పిగా ఉన్న మనిషికి తల కింద మెత్త పెట్టడం తప్పయితే లోకంలో ఒప్పేమిటి? కానీ కొలతల మేడానికి ఆ మూడు వాక్యాలూ చదివేసరికి గుండె జారిపోయింది. గొంతు క్యాన్సర్ ఉన్నవాళ్ళను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మొహానికి సరిగ్గా అచ్చు తీసిన గట్టి ప్లాస్టిక్ వలను తొడిగి, బల్లకు బిగిస్తారు. దాన్నే మాస్కు అంటారు. తల ఏ మాత్రం కదలకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. ఎందుకంటే గొంతులో గడ్డకు వేలెడు దూరంలో వెన్నుపాము ఉంటుంది. కిరణాలకు ఇది గడ్డ, ఇది వెన్నుపాము అన్న తేడా తెలియదు. మెడ కింద మెత్త పెడితే మెడ వంపు మారుతుంది, వెన్నుపాము వెళ్ళి కిరణాల దారిలో పడుతుంది. ఆ దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. ఏ ఆరు నెలలకో ఏడాదికో చేతులు తిమ్మిరెక్కుతాయి, కాళ్ళు మాట వినడం మానేస్తాయి. అప్పుడిక ఎవరూ చేయగలిగిందేమీ ఉండదు.

ఎవరికి పెట్టారో అందులో రాయలేదు.

ఆమె పుస్తకం మూసి, గబగబా మెషిన్ గది దగ్గరికి వెళ్ళింది. గది బయట గోడకు ఎనిమిది మాస్కులు కొక్కేలకు వేలాడుతున్నాయి. ఎనిమిది మొహాలు, కళ్ళు లేకుండా. రోజూ చూసేవే. ఆ రోజు మాత్రం వాటి వంక చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

పెద్దన్న అప్పుడే మెషిన్ వేడెక్కించి, మొదటి పేషెంటును పిలవబోతున్నాడు. ఆయన టెక్నీషియన్లందరిలోకీ పెద్ద. ఆ విభాగంలో మెషిన్లు రెండుసార్లు మారాయి గానీ ఆయన మారలేదు. కొలతల మేడం ఉద్యోగంలో చేరిన కొత్తలో బల్ల ఎలా జరపాలో చేయి పట్టుకుని నేర్పింది ఆయనే.

"అన్నా, ఈ పూట మాస్కు వాళ్ళనెవరినీ లోపలికి పిలవొద్దు" అంది.

"ఎనిమిది మందీ వచ్చి కూర్చున్నారమ్మా. ఒకాయన చీకటితోనే బస్సెక్కి వచ్చాడట. ఏమని చెప్పను?"

ఆమె పుస్తకంలో ఉన్నది చెప్పింది. పెద్దన్న మొహంలో ఏ మార్పూ లేదు. చేతిలో తాళాల గుత్తిని మాత్రం ఒకసారి అటూ ఇటూ తిప్పాడు.

"ఎవరో పనిలేక రాసి ఉంటారు. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాను ఈ పని. నా గదిలో అలాంటివి జరగవు."

"ఎవరు రాశారని నేను అడగటం లేదు. ఎవరికి పెట్టారో తెలిస్తే చాలు."

"రెండూ ఒకటే కదమ్మా. ఫలానా మనిషికి అని చెప్పగానే, ఆ మనిషిని రోజూ పడుకోబెట్టేది ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఇంక నువ్విచ్చిన మాటకి విలువేముంది?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఏడాది పాటు ఆ పుస్తకం గురించి ఆలోచించిన మనిషికి ఈ సంగతి ఎందుకు తట్టలేదో ఆ దేవుడికే తెలియాలి. తెలివైనవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది.

ఆమె ఎనిమిది మంది కార్డులూ తీసుకుని తన గదికి వచ్చింది. పద్దెనిమిది రోజులు టవల్ పెట్టారంటే, ఆ మనిషికి వైద్యం మొదలై కనీసం అన్ని రోజులైనా అయి ఉండాలి. ఎనిమిది మందిలో అలాంటివాళ్ళు ముగ్గురే తేలారు. ఒక లారీ డ్రైవరు, ఒక కోర్టు గుమాస్తా, ఒక దర్జీ అమ్మ.

డ్రైవరును ముందు పిలిచింది. తల కింద ఏమైనా పెడుతున్నారా అని అడిగితే ఆయన ఆశగా చూశాడు.

"నాకెవరూ పెట్టలేదు మేడం. అడిగితే పెడతారా?"

గుమాస్తా గారు ఇంకో రకం. ఆసుపత్రిలో కుర్చీల దగ్గర్నుంచి మంచినీళ్ళ దాకా ఆయనకున్న ఫిర్యాదులన్నీ వరసగా చెప్పి, చివర్లో "టవలా? ఇక్కడ మొహం తుడుచుకోవడానికే దిక్కులేదు" అన్నాడు. ఆయనకు టవల్ పెట్టి ఉంటే దాని రంగు బాగాలేదని ఎప్పుడో ఉత్తరం రాసి ఉండేవాడు. ఇద్దరూ కాదని తేలింది.

దర్జీ అమ్మకు యాభై దాటాయి. గొంతు పోయి గుసగుసగా మాత్రమే మాట్లాడగలుగుతోంది. ప్రశ్న వినగానే లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. మరీ వెంటనే ఊపింది.

"సరేనమ్మా. మాస్కు సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూస్తాను. కిరణాలేమీ ఉండవు. ఊరికే పడుకోండి."

మెషిన్ గదిలో ఎవరూ లేకుండా చూసి, ఆమెను బల్ల మీద తనే పడుకోబెట్టింది. తల గట్టి దిమ్మ మీద ఆనేసరికి దర్జీ అమ్మ పళ్ళు బిగపట్టింది. మాస్కు తొడిగి, ఒక్కో క్లిప్పూ బిగిస్తుండగా ఆమె కుడిచేయి మెల్లగా పైకి వచ్చింది. మెడ పక్కకు చేరి, దిమ్మకూ మెడకూ మధ్య వేళ్ళు పెట్టి తడిమింది. అక్కడ రోజూ ఉండేదేదో ఉందా లేదా అని చూసుకుంటున్నట్టు తడిమింది.

"ఏం వెతుకుతున్నారమ్మా?"

చేయి ఆగిపోయింది. వల కింద నుంచి కన్నీళ్ళు చెవుల వైపు జారాయి. కొలతల మేడం క్లిప్పులన్నీ విప్పేసి ఆమెను లేపి కూర్చోబెట్టింది.

"ఆ పిల్లల్ని ఏమీ అనకు తల్లీ" అంది దర్జీ అమ్మ. వినాలంటే ఆమె నోటి దగ్గర చెవి పెట్టాల్సి వచ్చింది. "నేనే బతిమాలాను. ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను మీద వంగి వంగి మెడ ఎముకలు అరిగిపోయాయి. ఆ దిమ్మ మీద తల పెడితే ప్రాణం పోతోంది. మొదటి రెండ్రోజులూ ఓర్చుకున్నాను. ఆ తర్వాత ఇక రానని ఏడ్చాను. అప్పుడు పెట్టారు."

"రోజూ పెట్టేవారా?"

"సోమవారాలు తీసేసేవారు. ఫోటో రోజు, ఈ ఒక్కరోజూ ఓర్చుకోమ్మా అనేవారు."

కొలతల మేడం ఆమె కార్డు తెరిచింది. వారానికోసారి, సోమవారం పూట, మాస్కు వేశాక మెషిన్‌తోనే ఒక ఫోటో తీస్తారు. ఎముకలు ఉండాల్సిన చోట ఉన్నాయో లేదో అందులో కనిపిస్తుంది. ఆ ఫోటోలు చూసి సంతకం పెట్టేది తనే. దర్జీ అమ్మవి ఐదు ఫోటోలు చూసింది. ఐదూ చక్కగా ఉన్నాయి. ఇప్పటికి ఇరవై ఐదు రోజుల వైద్యం అయింది. అందులో మొదటి రెండ్రోజులు, ఐదు సోమవారాలు తీసేస్తే పద్దెనిమిది. లెక్క సరిపోయింది.

టవల్ పెట్టినవాళ్ళకు అది తప్పని తెలుసు. తెలిసే సోమవారాలు తీసేశారు. మరి వచ్చి చెబితే ఏమయ్యేది? మాస్కు కొత్తగా చేయాలి, స్కాను మళ్ళీ తీయాలి, కిరణాలు ఎటునుంచి ఎంత పడాలో ప్లాను మళ్ళీ వేయాలి. నాలుగైదు రోజులు వైద్యం ఆగిపోతుంది. గొంతు క్యాన్సర్‌కు మధ్యలో ఒక్కరోజు కూడా ఆపకూడదు, ఆపితే గడ్డ మళ్ళీ పుంజుకుంటుందని క్లాసు పెట్టి మరీ వాళ్ళ బుర్రల్లోకి ఎక్కించింది ఎవరు? కొలతల మేడమే. ఆ సంగతి గుర్తొచ్చి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"టవల్ ఎంత మందంగా ఉండేదమ్మా?"

"మెత్తగా ఉండేది. నేను కళ్ళు మూసుకుని ఉండేదాన్ని తల్లీ. ఎన్నడూ చూడలేదు." మేడం చేయి పట్టుకుని, "నాకేమైనా అవుతుందా?" అని అడిగింది.

"చూసి చెబుతానమ్మా" అంది.

స్కానింగ్ బల్ల మీద దర్జీ అమ్మను రెండుసార్లు పడుకోబెట్టింది. మొదట టవల్ రెండు పొరలుగా మడిచి పెట్టింది, తర్వాత నాలుగు పొరలుగా. బొమ్మలు కంప్యూటర్‌కు ఎక్కించి లెక్క వేయమని చెప్పి, తెర ముందు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. వెన్నుపాము తట్టుకోగలిగినదానికి వాళ్ళు పెట్టుకున్న హద్దు, రేడియేషన్‌ను కొలిచే గ్రేలలో, నలభై ఐదు. రెండు పొరలయితే ఇప్పటికి ముప్ఫై మూడు పడినట్టు. ప్రాణం లేచొచ్చింది. కొత్త మాస్కు చేసి మిగిలిన పది రోజులూ నిశ్చింతగా ముగించవచ్చు. నాలుగు పొరల లెక్క వచ్చేసరికి ఆ సంతోషం కాస్తా ఆవిరైపోయింది. నలభై నాలుగు.

నలభై నాలుగే నిజమైతే, మిగిలిన పది రోజులూ ఏం చేయాలి? పూర్తిగా ఇస్తే వెన్నుపాము దెబ్బ తింటుంది. కుట్టుపని చేసే చేతులు పడిపోవచ్చు. వెన్నుపామును కాపాడాలని తగ్గించి ఇస్తే గడ్డ బతికిపోతుంది. గడ్డ బతికితే ఆమె బతకదు. ఇదంతా ఒక టవల్‌ను ఎన్ని పొరలు మడిచారన్న దాని మీద ఉంది. అది ఆ మడిచిన చేతులకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

పెద్ద డాక్టరు గారు తలుపు తోసుకుని వచ్చారు. ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది, బయట జనం ఆయన్ని ఎన్ని మాటలన్నారో.

"మెషిన్ గంటన్నర నుంచి ఖాళీగా ఉందట. ఏం జరుగుతోందమ్మా ఇక్కడ?"

ఆమె అంతా చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడి తెర మీది రెండు అంకెలూ చూశారు. మనిషి వెటకారం చేస్తాడు గానీ పేషెంట్ల దగ్గరికొస్తే ఆయన గుండె గట్టిది కాదు.

"ఇందులో ఆలోచించడానికేముంది? డ్యూటీ చార్టు తీయండి. ఈ ఐదు వారాల్లో ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో రెండు నిమిషాల్లో తేలుతుంది. పిలిచి అడుగుదాం."

"అడగనని మాటిచ్చాను డాక్టరు గారూ."

"మాటా? ఆవిడ చేతులు పడిపోతే నీ మాటతో కుట్టుకుంటుందా?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ తల దించుకోలేదు.

"ఈ రోజు చార్టు తీస్తే ఈ ఒక్కటీ తెలుస్తుంది. రేపటి నుంచి ఆ పుస్తకంలో ఎవరూ అక్షరం ముక్క రాయరు. ఇది కూడా రాయకపోయి ఉంటే, ఇంకో పది రోజులు టవల్ పెట్టి, ఆవిడని నవ్వుతూ ఇంటికి పంపించేవాళ్ళం. మీరూ నేనూ సంతకాలు కూడా పెట్టేవాళ్ళం."

ఆయన గడియారం చూసుకున్నారు.

"అరగంట. ఆ తర్వాత చార్టు నేనే తీస్తాను. అప్పుడు మాటలూ గీటలూ ఏమీ ఉండవు."

అరగంట అంటే ఎంతసేపు? భయంలో ఉన్న మనిషికి అది అరనిమిషం కూడా కాదు. ఆమె వరండాలో రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. తర్వాత ఉతికిన టవళ్ళు ఉండే బీరువా తెరిచి, చేతికందినన్ని తీసుకుని మెషిన్ గదిలో బల్ల పక్కన స్టూలు మీద పెట్టింది. టెక్నీషియన్లు ఐదుగురినీ పిలిచింది. పెద్దన్న, కొత్తగా పెళ్ళయిన అమ్మాయి, కవలల తల్లి, పొడుగాయన, ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసే బట్టతల ఆయన. ఆ రోజు ఆయన దగ్గర కూడా జోకు లేదు.

"ఎవరు రాశారని నేను అడగను. ఇప్పుడే కాదు, ఎప్పటికీ అడగను" అంది. "కానీ ఒక మనిషి మెడ కింద ఎంత మందాన టవల్ ఉందో నాకు తెలియాలి. తెలియకపోతే ఆవిడకి ఏం చేయాలో తెలీదు. లోపల టవళ్ళున్నాయి. ఒక్కొక్కరే వెళ్ళండి. పెట్టినవాళ్ళు ఎలా పెట్టారో అలాగే మడిచి బల్ల మీద పెట్టి రండి. పెట్టనివాళ్ళు ఊరికే కాసేపు నిలబడి వచ్చేయండి. అందరూ వెళ్ళాలి. అందరూ వెళ్ళాకే నేను చూస్తాను."

లోపల పేషెంటును చూపించే కెమెరా ఉంటుంది. దాని తెరను వాళ్ళ కళ్ళ ముందే ఆపేసింది. కుర్చీని గోడ వైపు తిప్పుకుని వాళ్ళకు వీపు పెట్టి కూర్చుంది.

లావుపాటి తలుపు తెరుచుకుంది, మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. అడుగుల చప్పుడు బట్టి ఎవరో పోల్చుకోకూడదని ఆమె చెవులు రెండూ అరచేతులతో మూసుకుంది. ఇంత చిన్నపిల్లల ఆటలా ఉన్నదాని మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉంది. ఎవరూ ఏమీ పెట్టకుండా వచ్చేస్తే? అప్పుడు చార్టే దిక్కు. ఎవరైనా భయపడి, నాలుగు పొరలు పెట్టి రెండు పొరలని చూపిస్తే? అది అంతకంటే ఘోరం.

చాలాసేపటికి ఎవరో భుజం తట్టారు. పెద్దన్న.

"నలుగురూ వెళ్ళొచ్చారమ్మా. నేను కూడా వెళ్ళాలా?"

"అందరూ అన్నాను కదన్నా."

ఆయన లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. ఆమె చెవులు మూసుకోవడం మరిచిపోయి గోడ గడియారం చూస్తూ కూర్చుంది. ఆయన లోపల ఐదు నిమిషాలున్నాడు. ఊరికే నిలబడి రావడానికి ఐదు నిమిషాలు ఎందుకు పడుతుందో ఆలోచించడానికి ఆమెకు ధైర్యం రాలేదు.

ఆయన బయటికి వచ్చి మిగతా నలుగురి పక్కన నిలబడ్డాడు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

బల్ల మీద, తల పెట్టే దిమ్మ దగ్గర, రెండు పొరలుగా మడిచిన టవల్ కనిపించింది. "హమ్మయ్య" అని పైకే అనేసింది. ముందుకొచ్చి ఇంకో అడుగు వేసేసరికి దాని పక్కన ఇంకొకటి కనిపించింది. అది మూడు పొరలు. దాని పక్కనది నాలుగు పొరలు, అంచులు సరిగ్గా కలిపి, ఇస్త్రీ చేసినట్టు మడిచి ఉంది. చివరిది మడత కాదు. గుండ్రంగా చుట్టి, విడిపోకుండా కొసలు లోపలికి దోపి ఉంది. దాని మందం నాలుగు పొరలకంటే ఎక్కువే. అంత శ్రద్ధగా దోపాలంటే ఆ చేతికి చాలా ఏళ్ళ అలవాటు ఉండాలి.

ఐదుగురు వెళ్ళారు. నాలుగు టవళ్ళున్నాయి.

ఈ నాలుగింట్లో దర్జీ అమ్మది ఏది? నాలుగూ ఆమెవేనా, రోజుకొకరు ఒక్కో రకంగా పెట్టారా? లేక మిగతా మూడూ వేరే మెడల కిందివా? ఎవరికి పెట్టారో ఆమె చెప్పమనలేదు కాబట్టి, ఎవరు పెట్టినది వాళ్ళు పెట్టి వచ్చేశారు. ఒక్కరి తప్పు కోసం తలుపు తెరిస్తే నలుగురి అలవాటు బయటపడింది. ఇప్పుడు బయట కూర్చున్నవాళ్ళలో ఇద్దరిని అడిగితే లేదన్నారు. మరి వైద్యం అయిపోయి ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళను ఎవరు అడిగారు? వాళ్ళలో ఎవరికైనా ఈపాటికి చేతులు తిమ్మిరెక్కుతున్నాయేమో. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటున్నారేమో.

బయట డాక్టరు గారి గొంతు వినిపించింది. అరగంట అయిపోయింది.

"తేలిందా? ఎన్ని పొరలు?" అంటూ ఆయన లోపలికి రాబోయారు. ఆమె గబగబా వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"డాక్టరు గారూ, ఈ ఏడాది మాస్కు వేసుకుని వైద్యం పూర్తి చేసుకుని వెళ్ళినవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"అదంతా ఇప్పుడెందుకు? రిజిస్టరు చూస్తేగానీ చెప్పలేను" అన్నారాయన చిరాగ్గా.

వెనక నుంచి పెద్దన్న గొంతు వినిపించింది.

"అరవై మూడు మంది" అన్నాడు, ఏ రిజిస్టరూ చూడకుండా.